నిషేధానికి అప్పట్లో ఒక చిరునామా ఉండేది

కర్నూలు వాళ్ళకి గాడిచర్ల హరిసర్వోత్తమరావు అంటే గ్రంథాలయోద్యమం గుర్తొస్తుంది. దానికి ముందు ఆయన జైలుకెళ్ళిన సంపాదకుడు. 1908 మార్చిలో తిరునెల్వేలి కాల్పుల తర్వాత, బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో బ్రిటిష్ పాలనని క్రూరమైన పులితో పోల్చారు. రాజద్రోహం కేసు, సెక్షన్ 124ఎ, మూడేళ్ళ జైలు.

అన్యాయమే. కానీ ఏ రాతకి, ఏ సెక్షన్ కింద, ఎవరు శిక్ష వేశారో అందరికీ తెలుసు. పైగా మద్రాసు ప్రభుత్వం దేశభాషల పత్రికలన్నీ అనువాదకులతో చదివించి, సారాంశాలు ఇంగ్లీషులో రాయించి దాచుకునేది. ఇవాళ పాత సంచికలు దొరక్కపోతే పరిశోధకులు వెతికేది ఆ నిఘా రిపోర్టుల్లోనే.

ఆ సెక్షన్ చాలాకాలం బతికింది. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ సీఐడీ టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్ళ మీద పెట్టిన కేసులోనూ అదే ఉంది. సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దంది. 2022 మే 11న ఆ సెక్షన్‌నే పక్కన పెట్టించింది. ఇక్కడా పోట్లాడటానికి కాగితం ఉంది, కోర్టు ఉంది.

ఇంటర్నెట్ దగ్గరికొచ్చేసరికి ఆ కాగితమే కనపడదు. 2015లో శ్రేయా సింఘల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఎని కొట్టేసింది, 69ఎని మాత్రం ఉంచింది. వెబ్‌సైట్లని ఆపే అధికారం కేంద్రానికి ఇచ్చేది ఇదే. 2009 నిబంధనల్లో పదహారోది ఆ ఫిర్యాదులూ చర్యలూ గోప్యంగా ఉంచాలంటుంది. చదివేవాడికి కనిపించేది ఒట్టి ఎర్రర్. సర్వర్ పడిపోయిందా, డీఎన్‌ఎస్ తప్పుడు అడ్రస్ ఇచ్చిందా, మధ్యలో కనెక్షన్ తెంపారా తెలీదు. ఒక కంపెనీ నెట్‌లో తెరుచుకున్నది ఇంకోదాంట్లో తెరుచుకోకపోవచ్చు.

అందుకే లెక్క రాసే పని ఇప్పుడు మనమీద పడింది. 2012లో మొదలైన ‘ఊనీ’ ప్రాజెక్టు యాప్ ఫోన్లో నడిపితే, ఆ నెట్‌లో ఏ సైట్లు ఆగాయో పరీక్షించి ఫలితాలు అందరికీ తెరిచి పెడుతుంది. మలేసియాలోని సినార్ ప్రాజెక్ట్ ఆ కొలతలతోనే ఆసియా దేశాల నిషేధాలని గమనిస్తోంది. కోడుమూరులో కూర్చుని ఎవరైనా నడిపినా ఆ ఫలితం ఇదే లెక్కలో చేరుతుంది.

అయితే ఈ లెక్క ఏది ఆగిందో చెప్తుంది గానీ, ఎవరు, ఎందుకు ఆపారో చెప్పలేదు. గాడిచర్లకి కనీసం తన నేరమేంటో చెప్పారు. పేజీ మాయమైన ఇవాళ్టి రచయితకి ఆ ఆర్డరు కాపీ చేతికిచ్చి, కోర్టుకెళ్ళే దారి చూపించమని అడగటం పెద్ద కోరికేం కాదు.