కొల్లేటి సీమ ఇల్లు

కొల్లేటి సీమ ఇల్లు: కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు లంకల్లోనూ, ఏలూరు చుట్టుపక్కల పల్లపు ఊళ్లలోనూ సామాన్యులు కట్టుకునే చిన్న ఇల్లు. దీనికి శత్రువులు ముగ్గురు: వరద ముంపు, తుపాను గాలి, రోహిణి కార్తె ఎండ. ఒకరిని గెలవబోయి ఇంకొకరికి లోకువ కావడమే ఈ ఇంటి చరిత్ర.

కథ నేలతో మొదలవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద కొల్లేట్లోకి చేరుతుంది. బయటికి దారి ఒక్క ఉప్పుటేరే. అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగితే గానీ సముద్రం అందదు. నీరు గబగబా వస్తుంది, తాపీగా పోతుంది. అందుకే లంకలో ఇల్లు కట్టాలంటే గోడకంటే ముందు మెరక కావాలి. మన్ను పోసి, దిమ్మెసతో కొట్టి, ఒక వానకాలం కుంగనిచ్చి, ఆ దిబ్బ మీద గుంజలు పాతేవారు. తాడేపల్లిగూడెం దాటి మెట్టకు వెళితే ఎర్రనేల. అక్కడ మట్టిగోడ నిలుస్తుంది. పల్లపు నల్లమన్ను అలాంటిది కాదు. ఎండితే బీటలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. బరువైన గోడ దాని మీద పగలక మానదు.

లంకవాసి బరువు జోలికి పోలేదు. తాటిదూలాలు, వెదురు వాసాలు, కిక్కిస తడికలు, వాటి మీద పేడమట్టి మెత్తు. పైన తాటాకు. కిక్కిస కొల్లేట్లో మొలిచే రెల్లు జాతి గడ్డి. తాడిచెట్టు ప్రతి గట్టు మీదా ఉండేది. చెట్టు మొద్దును తొలిస్తే దోనె, కోస్తే దూలం, ఆకు నేస్తే కప్పు. ఇల్లు 'కప్పడం' అనరు ఇక్కడ, 'నేయడం' అంటారు. ఆకు మీద ఆకు పేర్చి, నారతో వాసానికి బిగించి, చూరు నుంచి కొప్పు దాకా వరుసలుగా నేస్తారు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే కొత్తగా వచ్చినవాళ్లు నడుము వంచకుండా లోపలికి పోలేరు. కొడవలి, గొడుగు, చీటీపాటల పుస్తకం అన్నీ ఆ చూరులోనే దూర్చి ఉంటాయి. ఆ కప్పు కింద మే నెలలోనూ కునుకు పడుతుంది. రెండు మూడేళ్లకోసారి మళ్లీ నేయించాలి, నిప్పురవ్వ పడితే వాడ వాడంతా బూడిద. మెచ్చుకునేవాళ్లు ఈ రెండో సంగతి చెప్పరు.

గాలికి కోస్తా ఇచ్చిన జవాబు చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, నెత్తిన శంకువు లాంటి తాటాకు కప్పు. మూల లేని గోడను గాలి ఒకచోట పట్టి తోయలేదు, చుట్టూ జారిపోతుంది. ఏటవాలు కప్పును పైకి లాగే బలమూ తగ్గుతుంది. ఇంజనీర్లు పుస్తకాల్లో రాసిన సూత్రాలు ఇవే: 2004లో వచ్చిన భారత ప్రమాణం ఐఎస్ 15498, తుపాను ప్రాంతాల చిన్న ఇళ్లకు రూపమూ కప్పు వాలూ ఎలా ఉండాలో చెబుతుంది. తీరప్రాంతానికి లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆనకట్టలు వచ్చాయి, ధవళేశ్వరంలో 1852కల్లా, బెజవాడలో 1855కల్లా. కాలవలతో పాటు వరి, వరితో పాటు డబ్బు. కలవాళ్లు మండువా లోగిళ్లు కట్టారు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన పెంకు క్రమంగా ఇక్కడి కప్పుల మీదికీ ఎక్కింది. దానికి నిప్పు భయం లేదు, గాలి భయం ఉంది. తుపానులో లేచిన పెంకు కత్తిలా ఎగురుతుంది. ఆ తరవాత వచ్చిన రేకులూ అంతే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే పదివేల మంది ప్రాణాలు తీసింది. ప్రభుత్వం పక్కా ఇంటి వైపు గట్టిగా తిరిగింది ఆ తరవాతే. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. పూరిపాకల స్థానంలో ఇటుక గోడ, సిమెంటు శ్లాబు. గాలిని ఆ శ్లాబు గెలిచిందనే చెప్పాలి. నల్లనేల పగుళ్లకూ మందు దొరికింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలో రూపొందించిన పైల్ పునాది అడుగున గుండ్రంగా ఉబ్బి, ఉబ్బే పొర కిందికి దిగి నిలబడుతుంది. ఖర్చు భయంతో చిన్న ఇళ్లకు దాన్ని వేయించేవాళ్లు తక్కువ. ఇటుకలో మార్పు విశాఖ నుంచి వచ్చింది. భానుమతీదాస్, కాళిదాస్ ఇన్స్వారెబ్ సంస్థ ద్వారా బూడిద, సున్నం, జిప్సంతో కాల్చని ఇటుకను ప్రచారంలోకి తెచ్చారు. థర్మల్ కేంద్రం బూడిదకు చోటు దొరికింది, మంచి పొలం మన్ను బట్టీలోకి పోవడం తగ్గింది.

శ్లాబు ఓడింది ఎండ దగ్గర. నాలుగంగుళాల శ్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇళ్ల గోడలు లోపలికి పంపే వేడికి హద్దు పెట్టింది. పైకప్పుకు తెల్లపూత వేయించే విధానాన్ని తెలంగాణ 2023లో ప్రకటించింది. తెల్ల సున్నం పూతకు పెద్ద చదువు అక్కర్లేదు, పడమటి గోడకు నీడనిచ్చే చెట్టుకూ అంతే.

నీళ్ల సంగతి ఇంకా తేలలేదు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అయిన కొల్లేట్లో తవ్వకాలకూ కట్టడాలకూ నిబంధనలున్నాయి; మెరకకు మన్ను తేవడం మునుపటంత సులువు కాదు. 2020లో మొదలైన ఇళ్ల పథకం పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు స్థలం ఇచ్చింది. సెంటంటే 48 గజాల చిల్లర. పల్లపు పొలాల్లో పడిన లేఅవుట్లలో ఇంటి ఖర్చుకంటే ముందు మెరక ఖర్చు వచ్చి కూర్చుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంకలకు దారులు మునిగిపోయాయి.

ఇలాంటి ముంపుకే బంగ్లాదేశ్‌లో వాస్తుశిల్పి మరీనా తబస్సుమ్ రూపొందించిన ఖుదీబారి, వెదురుతో కట్టే రెండంతస్తుల చిన్న ఇల్లు. వరదొస్తే పైకెక్కవచ్చు, ఏరు కోసుకుపోతే విప్పి పట్టుకుపోవచ్చు. 2025లో దానికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం దక్కింది. విప్పి కట్టుకునే తడికిల్లు, ముంపులో సామాను ఎక్కించే అటక కొల్లేటి ముసలివాళ్లకు ఎరుకే. వాటిని శ్లాబు ఇంటి ప్లానులో పెట్టిన పథకం మాత్రం ఇంకా రాలేదు.

ఈలోగా జనం తమ ఉపాయం తాము చేసుకున్నారు. వేసవి రాగానే డాబా మీద నాలుగు గుంజలు నిలిపి తాటాకు పందిరి వేస్తున్నారు.