బరువు తప్పుకున్న బాటలు

కర్ణాటకలోని చింతామణి నుంచి బట్లహళ్ళి వైపుకు, అక్కణ్ణుంచి ఆంధ్ర సరిహద్దు దాకా సాగే చిన్న తారుదారులను చూసినవాళ్ళు తరచుగా ఒకే మాట అంటారు: ఈ పక్కకు కాలం ఇంకా రాలేదు, అని. దారికి అటూ ఇటూ రాతిగుట్టలు, చెరువుకట్టలు, చింతచెట్లు, మల్బరీ తోటలు. లారీ కనిపించేది ఎప్పుడో ఒకటి. 1478 మీటర్ల నంది కొండ ఎక్కి దిగడంతో తృప్తిపడని బెంగళూరు సైకిల్‌వాళ్ళు ఇంకా తూర్పుకూ ఉత్తరానికీ రావడానికి కారణం ఈ నెమ్మదే. కొండల, లోయల మధ్య నింపాదిగా సైకిల్ తొక్కడానికి బాగా పేరు తెచ్చుకున్న దేశం ఫ్రాన్సు. అక్కడి దారుల గురించి రాసేవాళ్ళు కూడా ఆ నెమ్మదిని ప్రకృతి ఖాతాలోనే వేస్తారు. కానీ ఏ కొండా తనంతట తాను దారి వేసుకోదు. సైకిల్‌కు అనువైన నెమ్మదైన దారి ఒకటి ఉందంటే, దాన్ని ఎవరో ఏదో బరువు మోయించడానికి వేసి ఉండాలి. ఆ బరువు తర్వాత మరో దారి పట్టి ఉండాలి. అయినా దాన్ని బాగుచేసేవాళ్ళు దాన్ని వదిలిపెట్టకుండా ఉండాలి. మొదటి రెండూ జరిగి మూడోది జరగకపోతే మిగిలేది ముళ్ళకంప. బట్లహళ్ళి సీమ చరిత్రలో ఈ మూడూ జరిగాయనీ, వాటిలో మూడోదే అసలు సంగతనీ నా వాదం.

ముందు ఫ్రాన్సు సంగతి చూద్దాం, అక్కడ కాగితాలు స్పష్టంగా ఉన్నాయి కనుక. సెవెన్ కొండల మీద ఈరోజు సైకిల్ యాత్రికులు మెచ్చుకునే కార్నిష్ దారి పద్నాలుగో లూయీ కాలంలో, తిరగబడ్డ ప్రొటెస్టెంట్ రైతులను అణచడానికి సైన్యం నడిచిన బాట. పల్లె దారుల్లో అత్యధిక భాగానికి మూలం 1836 మే 21న వచ్చిన చట్టం. ప్రతి గ్రామమూ తన ఊరి దారులను తానే బాగుచేసుకోవాలనీ, అందుకు ఊరివాళ్ళ చేత ఏడాదికి మూడు రోజుల దాకా పని చేయించవచ్చనీ ఆ చట్టం చెప్పింది. అంటే ఆ దారులు వెట్టికి దగ్గరి చుట్టమైన ఏర్పాటు మీద లేచాయి. ఇరవయ్యో శతాబ్దంలో పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆర్దెష్ జిల్లాలో 1861లో 3 లక్షల 88 వేల దాకా ఉన్న జనం నూరేళ్ళలో రెండున్నర లక్షలకు పడిపోయారు. మల్బరీ చెట్లూ పట్టుపురుగులూ పోషించిన కొండలవి; పురుగులకు తెగులు తగిలి, ఆ తర్వాత బయటి దేశాల పట్టు వచ్చి పడి, బతుకుదెరువు జారిపోయింది. బరువు సరుకు రైలెక్కింది, ఆపైన పెద్ద రహదారులకు మళ్ళింది. 1970లలో జాతీయ రహదారుల్లో 50 వేల కిలోమీటర్ల పైచిలుకు దారులను పారిస్ ప్రభుత్వం జిల్లాలకు అప్పగించింది. జనం లేకపోయినా, లారీలు రాకపోయినా, బాగుచేయవలసిన బాధ్యత మాత్రం ఒక కార్యాలయం పేరున నిలిచింది. సైకిల్‌వాళ్ళు ఆ మిగులు మీద తిరుగుతున్నారు.

మన పక్క కథ బండిబాటతో కూడా మొదలు కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా మైసూరు సీమలో సరుకు ప్రధానంగా ఎద్దుల వీపు మీదే కదిలింది. 1791 అక్టోబరులో ఆంగ్లేయ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం నంది దుర్గాన్ని పట్టుకున్నప్పుడు దానికి ధాన్యం మోసుకొచ్చింది లంబాడీల పెరికె ఎద్దులే. బరువు మోసే ఎద్దుకు బండికి కావలసినంత వెడల్పు అక్కర్లేదు. రాతిగుట్ట పక్కనుంచి, చెరువుకట్ట మీదుగా, వాగు పల్చబడిన చోట దిగి పోగలదు. కైవార తాతయ్యగా ఈ సీమ కొలిచే యోగి నారేయణ యతీంద్రులు సంసారంలో ఉన్న రోజుల్లో ఊరూరా తిరిగి గాజులు అమ్మారని సంప్రదాయం చెబుతుంది. కన్నడ నేల మీద తెలుగులో పాడిన ఆ మనిషి తిరిగిన తోవలు ఏవో గీత గీసి చూపలేం గానీ, ఒక గాజులమలారం భుజాన వేసుకొని ఊరి తర్వాత ఊరు పట్టుకొని పోగల బాటల అల్లిక అప్పటికే ఉందనడానికి ఆ వృత్తే సాక్ష్యం.

ఈ అల్లిక ఆకారాన్ని నిర్ణయించింది నీరు. ఏడాది పొడవునా పారే నది ఈ సీమలో ఒక్కటీ లేదు. నంది చుట్టుపక్కల పుట్టిన పెన్న, పాపఘ్ని, చిత్రావతి ఇక్కడ ఇంకా పసిబిడ్డలే. పెద్దవయ్యేది రాయలసీమలోకి దిగాకే. కాబట్టి వాన నీటిని పట్టి ఆపడమే వ్యవసాయం. ఉమ్మడి కోలారు జిల్లాలో చెరువులు 4 వేల దాకా ఉన్నాయని ప్రసిద్ధి. గొలుసుకట్టుగా ఒక దాని అలుగు ఇంకోదానికి పారేటట్టు కట్టిన చెరువులవి. ఊరికి చెరువు, చెరువుకు కట్ట, కట్ట మీద బాట. ఈ దారులు తిన్నగా పోకుండా ఊరికే వంకలు తిరుగుతున్నాయని ఇంజనీర్లు విసుక్కుంటారు. అవి ఊరికే తిరగడం లేదు, తడి నేలను తప్పించుకొని గట్టి కట్టను వెతుక్కుంటున్నాయి. వేగంగా పోవాలనుకునే లారీకి ఆ వంకరే అడ్డం. సైకిల్‌కు అదే అనుకూలం.

బండికి సరిపోయే కంకర దారులు వచ్చింది కమిషనర్ల పాలనలో. 1831లో మైసూరు పరిపాలనను ఆంగ్లేయులు చేతుల్లోకి తీసుకున్నాక, కమిషనర్ మార్క్ కబ్బన్ కాలంలో సుమారు 1600 మైళ్ళ దారులు పడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి బెంగళూరును మద్రాసు రాజధాని జిల్లాలతో కలిపేవి. ఆ తర్వాత 1876–78 నాటి కరువు. మైసూరు సంస్థానంలో 1871లో 50 లక్షలు దాటిన జనాభా 1881 లెక్కల్లో 42 లక్షల లోపుకు దిగింది. కరువు పనుల పేరిట ఆకలితో ఉన్నవాళ్ళ చేత కంకర కొట్టించారు, మట్టి మోయించారు, చెరువులు తవ్వించారు. ఈ సీమలో దారి పక్క నీడనిచ్చే చెట్లను చూసి పూర్వికుల దూరదృష్టిని పొగడడం సులువే. అయితే ఆ కాలం దారుల్లో కొంత భాగం కూలిగా పిడికెడు గింజలు తీసుకున్నవాళ్ళ చేతుల మీదుగా పడిందని కూడా చెప్పుకోవాలి. ఫ్రాన్సులో మూడు రోజుల నిర్బంధపు పని, ఇక్కడ కరువు కూలి. నెమ్మదైన దారుల పుట్టుక ఎక్కడా నెమ్మదిగా లేదు.

ఆ బరువు ఎప్పుడు తప్పుకుంది? రెండు విడతల్లో. మొదటిది చిన్న రైలు. 1913 మొదలుకొని కొద్ది ఏళ్ళలోనే బౌరింగ్‌పేట నుంచి కోలారు, చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా యలహంక దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల రైలు నడిచింది. చింతామణి, శిడ్లఘట్ట బజార్ల సరుకు దానెక్కింది. బట్లహళ్ళికి ఆ రైలు రాలేదు. రెండో విడత లారీల కాలం. బెంగళూరు–హైదరాబాదు రహదారి, ఇప్పటి జాతీయ రహదారి 44, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా పడమట పోయింది. కోలారు, చింతామణి, మదనపల్లి టమాటా లారీలు తమకు అనువైన వెడల్పు దారులనే పట్టుకున్నాయి. వీటికి తోడు సరిహద్దు ఒకటి. బట్లహళ్ళి మైసూరులో, మదనపల్లి, కదిరి మద్రాసు రాజధానిలో. 1956 తర్వాత కూడా ఒకటి కర్ణాటకలో, మిగతావి ఆంధ్రలో. ఏ ప్రభుత్వానికైనా సరిహద్దు పల్లె తన దారికి చివర. అక్కణ్ణుంచి అవతలికి వెడల్పు చేయడానికి తొందరపడేవాళ్ళు ఉండరు. ఇళ్ళలో తెలుగు, కచేరీలో కన్నడ మాట్లాడే జనానికి ఆ గీత అడ్డం కాలేదు, పెళ్ళి సంబంధాలు దాని మీదుగానే సాగాయి. తారుకు మాత్రం అడ్డమైంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. మీరు చెబుతున్నది వెనుకబాటుతనం, దానికి నెమ్మది అని ముద్దుపేరు పెడుతున్నారు అని. నిజమే, రైలు రాకపోవడం, రహదారి పక్కకు పోవడం ఊరికి మేలు కాదు. కానీ వెనుకబాటు ఒక్కటే కారణమైతే ఈ దారులు గుంతలుగా ఉండాలి. అవి తారుదారులుగా ఎందుకున్నాయి? భూమిశిస్తు మీద సెస్సు వసూలు చేసి జిల్లా బోర్డులు దారులు చూసుకున్న కాలం నుంచి, 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దాకా, పల్లె దారి మీద ఎవరిదో ఒకరి బాధ్యత కొనసాగింది. ఆ యోజన నియమాల్లో ఒక అంకె నాకు ముఖ్యంగా కనిపిస్తుంది: తారు వెడల్పు 3.75 మీటర్లు, వాహనాలు మరీ తక్కువైన చోట 3 మీటర్లు. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. పొదుపు కోసం పెట్టిన ఆ కొలతే, ఎవరూ అనుకోకుండా, వేగానికి కట్టుగొయ్య అయింది. వెనుకబాటు దారిని ఖాళీ చేస్తుంది గానీ, ఖాళీ అయినదాన్ని తొక్కదగినదిగా ఉంచేది ఏటేటా ఎవరో కేటాయించిన డబ్బు.

రెండో అభ్యంతరం దీనికంటే సూటిగా తగులుతుంది. ఫ్రాన్సు కొండల్లో జనం పోయారు గనుక నెమ్మది వచ్చింది. చిక్కబళ్ళాపురం జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే పన్నెండున్నర లక్షల మంది ఉన్నారు, పోలిక ఎక్కడ? ఈ తేడాను ఒప్పుకోవాలి. ఆర్దెష్‌లో గంటసేపు తొక్కినా మనిషి ఎదురుపడకపోవచ్చు. బట్లహళ్ళి పక్క అలా కుదరదు. పంటల కాలంలో ఉలవ కట్టెను దారి మీదే పరుస్తారు, పోయే చక్రాలే నూర్పిడి చేస్తాయి. గొర్రెల మంద వస్తే అది దాటేదాకా అందరూ ఆగాలి. అక్కడిది నిర్జనం, ఇక్కడిది నిదానం. అయితే ఈ తేడా నా వాదాన్ని దెబ్బతీయదు. దారి నిండా మనుషులున్నా అది సైకిల్‌కు అనువుగా ఉండగలదనీ, చెడగొట్టేది జనం కాదు, బరువూ వేగమూ అనీ ఇది చూపిస్తుంది.

మూడోది వర్గం గురించి. అక్కడ సైకిల్ షికారు, ఇక్కడ సైకిల్ పొట్టకూటి పనిముట్టు. ఈ దారులను యాత్రాపథాలుగా చూడడం పట్నంవాళ్ళ సరదా, అంటారు. షికారుకూ పనికీ మధ్య గోడ ఫ్రాన్సులో కూడా అంత గట్టిది కాదు. సైకిల్ యాత్రకు అక్కడ ఊపు తెచ్చిన పోల్ ద వివీ, వెలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడు, సెయింట్ ఎటియెన్‌లో పట్టు వ్యాపారం చేసినవాడు. 1887లో సైకిల్ దుకాణం పెట్టి, పత్రిక మొదలుపెట్టి, కొండలెక్కడానికి పలు గేర్లు కావాలని జీవితాంతం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు గేరు మార్చే మర పోటీదారులకు తగదని 1937 దాకా మొండికేశారు. (పందెం రాయుళ్ళకు కష్టం కావాలి, యాత్రికుడికి కొండ అవతలి ఊరు కావాలి, ఈ విషయంలో వెలోసియోదే గెలుపు.) మన పక్క ఒకే గేరు నల్ల సైకిల్ మీద పట్టుగూళ్ళూ పాల క్యాన్లూ చెరువుకట్టలెక్కి దిగాయి. ఎత్తు రాగానే దిగి తోసుకుపోవడం ఇక్కడి గేరు. 2006–07లో కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, పల్లె నుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్లలు ఈ ఇరుకు దారుల మీదే తొక్కారు. లారీల రహదారి మీదకు ఏ తండ్రీ తన కూతుర్ని సైకిల్ ఇచ్చి పంపడు. పట్నం యాత్రికుడికి కావలసిన దారీ బడిపిల్లకు కావలసిన దారీ ఒకటే కనుక, దాన్ని ఒక వర్గం సరదాగా కొట్టిపారేయడం కుదరదు.

ముందు ఏమవుతుందన్నది ఈ వాదం నుంచే తేలుతుంది. బాగేపల్లికి ఉత్తరాన కొడికొండ నుంచి ముప్పవరం దాకా కొత్త పెద్ద రహదారి పడుతోంది. అలాంటివి బరువును ఇంకా దూరం లాక్కుపోతే చిన్న దారులకు లాభమే. బెంగళూరు భూముల ధరలు నంది దాటి ఇటు పాకితే లేఅవుట్ల వెంట టిప్పర్లు వస్తాయి, టిప్పర్ల వెంట వెడల్పు చేయమనే అర్జీలు వస్తాయి. వెడల్పు చేయడం తప్పని చోట చేయవలసిందే, అంబులెన్సు ఆగిపోయే దారిని ఎవరూ సమర్థించలేరు. కానీ ఊరి నుంచి ఊరికి, కట్ట మీదుగా పోయే 3.75 మీటర్ల దారికి ఏటా గుంతలు పూడ్చే డబ్బు ఒక పద్దు, రెండు వరసలుగా మార్చే డబ్బు మరో పద్దు. చాలా తాలూకాల్లో రెండోది దొరికినంత సులువుగా మొదటిది దొరకదు.