కాళ్ల కిందినుంచి వచ్చిన కబురు

1987 ఫిబ్రవరి 23, సోమవారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. కోర్పనాలో అన్నాల వేళ. తెలుగూ మరాఠీ ఒకే అరుగు మీద కూర్చునే ఈ చంద్రపూర్ సరిహద్దు ఊళ్లో, ఆ కాసేపట్లో ప్రతి మనిషిలోంచీ న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు దూసుకుపోయాయి. వేలిగోరంత చోటుకు వేల కోట్లు! పైనుంచి కాదు. వాటిని చిమ్ముతూ పేలి చచ్చిన తార అప్పుడు దిగంతానికి దిగువన ఉంది. కబురు నేలను దాటుకుని కాళ్ల కిందినుంచి వచ్చింది. చెయ్యి కడుక్కుని లేచినవారికి చీమ కుట్టినట్టయినా లేదు. జపాన్‌లో కమియోకా గనిలోని నీటి తొట్టెకు మాత్రం 11 చిక్కాయి.

వెలుగు కొన్ని గంటలు వెనకబడింది. చిలీలో, లాస్ కంపానాస్ కొండ మీద ఆస్కార్ దుహాల్డే పని మధ్యలో బయటికొచ్చి తలెత్తాడు. పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మాగెల్లాన్ మేఘంలో కొత్త చుక్క! లోపలికెళ్లి పనిలో పడి ఎవరికీ చెప్పలేదు. (ఏం మరుపు అది!) ఫొటో పలక చూసి, అదే కొండ మీద పనిచేసే ఇయన్ షెల్టన్ పరుగెత్తుకొచ్చాకే సంగతి బయటపడింది.

నాకు ఆ పేలుడు కన్నా దానికి ముందటి 20,000 ఏళ్ల మీదే గురి. సూర్యుడికి ఇరవై రెట్ల బరువున్న ఆ తార ఎర్రగా ఉబ్బిన రోజుల్లో, కళ్లంలో తూర్పారబట్టినట్టు తన ఒంటి పొరల్ని తానే ఎగరేసుకుంది. తర్వాత నీలంగా ముడుచుకుంది. అప్పటి గాలి జోరుకు పాత వాయువంతా వలయంగా, గట్టులా కూడింది. రెండు తారలు ఒకటైనప్పుడు చిమ్మిందే ఈ వలయమని మరో వాదన. ఏదైతేనేం, చీకట్లో ఆ గట్టు ఎవరి కంటా పడలేదు. పేలుడు వెలుగు తగిలాకే మెరిసింది. 1990లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు దాన్ని స్పష్టంగా చూపింది. 1990ల నడుమ నుంచి పేలుడు తాకిడి కూడా చేరి, వలయం పొడవునా పూసలు గుచ్చినట్టు చుక్కలు రాజుకున్నాయి.

తమిళనాడులోని మన కావలూరు వేధశాల నుంచీ ఆ తారను పరిశీలించారు. దక్షిణాకాశం అందాలని ఆ చోటు ఎంచుకున్న ఖగోళవేత్త వైను బప్పు హైదరాబాద్‌లో, నిజామియా వేధశాల నీడలో పెరిగిన మనిషి. 1982లోనే పోయారు. ఐదేళ్లు ఆగి ఉంటే!

కోర్పనాకు ఆ తార దక్కలేదు. దక్షిణ దిగంతాన ఒక డిగ్రీకి మించి లేవదు. ఆరుద్ర నక్షత్రం అలా కాదు. పత్తి రైతు కార్తె పేరుగా ఎరిగిన ఆ ఎర్రచుక్క కూడా తూర్పారబడుతూనే ఉంది. 2019 చివర అది మసకబారిందంటే, తాను చిమ్మిన ధూళే అడ్డొచ్చింది. డిసెంబరులో రాత్రి తొమ్మిదింటికి తూర్పు వైపు చూడండి.