తాడ్వాయి అడవుల్లో సిలువ రాళ్లు

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని కాటాపురం, మంగపేట మండలంలోని మల్లూరు పరిసరాల్లో సిలువ ఆకారంలో చెక్కిన పాత రాళ్లు ఉన్నాయి. ఈ నేలంతా ఒకప్పుడు వరంగల్ జిల్లాయే. 2016లో తాడ్వాయి, మంగపేట భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లాయి. 2019లో ఆ రెండు మండలాలూ కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాలో చేరాయి.

ఈ రాళ్లకు చర్చి ఆవరణతో సంబంధం లేదు. ఇవి నిలిచింది రాకాసి గూళ్ల పక్కన. నాలుగు వైపులా ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పితే అదే రాకాసి గూడు. లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. చనిపోయినవారి ఎముకలు అందులో ఉంచేవారు. తాడ్వాయి మండలం దామరవాయిలో ఇలాంటి గూళ్లు గుట్ట మీద గుంపులుగా కనిపిస్తాయి. అంత బరువైన బండలు మనుషులు ఎత్తలేరన్న నమ్మకంతో జనం వీటిని రాక్షసుల ఇళ్లన్నారు.

సిలువ రాళ్ల సంగతి బయటి లోకానికి తెలిసింది సర్వే వాళ్ల వల్ల. నిజాం రాజ్యంలో భూమి కొలతల పనిలో తిరిగిన ముల్హెరాన్ అనే సర్వేయరు 1868లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి వీటి వివరాలు అందించాడు. కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రపంచంలోని రాతి సమాధులపై వెలువరించిన గ్రంథంలో కాటాపురం, మల్లూరు సిలువలను చర్చించాడు. ఆ ఆకారం చూసి వీటిని క్రైస్తవంతో ముడిపెట్టాడు. రాకాసి గూళ్లు కట్టుకునే జనమే క్రైస్తవులై సిలువ నిలిపి ఉంటారన్న ఆలోచన అలా పుట్టింది. అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండలో మిషన్ మొదలుపెట్టింది 1879లో. అంటే ఆ మిషన్ హనుమకొండలో అడుగు పెట్టకముందే ఇక్కడి సిలువల ముచ్చట పుస్తకానికెక్కింది.

రాళ్లను దగ్గరగా చూస్తే ఫెర్గూసన్ ఊహ నిలవదు. రాయంతా ఒకటే పలక. పైభాగం తల, అడ్డంగా రెండు పక్కలకు పొడుచుకొచ్చినవి పొట్టి చేతులు, కిందిది మొండెం. ఇదే కోవకు చెందిన రాళ్లు దక్షిణాన పినపాక మండలం జానంపేటలోనూ ఉన్నాయి. అక్కడి కొన్నింటిపై స్తనాలు స్పష్టంగా చెక్కి ఉన్నాయి. సిలువకు స్తనాలుండవు. అది స్త్రీ మూర్తి. పరిశోధకులు వీటిని మానవాకృతి శిలలంటారు. తమిళనాడులో మోట్టూరు, ఉడయార్‌నత్తం దగ్గర సమాధుల మధ్య నిలిపిన మనిషి ఆకారపు పలకలు కూడా ఈ సంప్రదాయానికి చుట్టాలే.

కాలం విషయంలోనూ ఫెర్గూసన్ లెక్క తప్పింది. ఇలాంటి సమాధులు చాలావరకు కొత్తవేనని అతని వాదం. అయితే దక్షిణాదిలో తవ్విన ఈ కోవ సమాధుల్లో ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు రంగుల మట్టిపాత్రలు బయటపడ్డాయి. ఇవి ఇనుపయుగానికి, ప్రధానంగా క్రీస్తు పూర్వపు వెయ్యేళ్లకు చెందినవి. నిజాం ప్రభుత్వం 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తు శాఖను నెలకొల్పాక హైదరాబాద్ రాజ్యంలో ఇలాంటి సమాధుల పరిశీలన ఊపందుకుంది. ఇటీవలి దశాబ్దాల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు తాడ్వాయి, పినపాక ప్రాంతాల గూళ్లను, మానవాకృతులను పరిశీలించి వెలుగులోకి తెచ్చారు.

ఫెర్గూసన్‌కు ఆకారం ఒక్కటే ఆధారమైంది. తర్వాతి వారు రాయిని దాని పక్కనున్న సమాధితో కలిపి చదివారు. సిలువ అనుకున్నది, చనిపోయినవారి గూటి పక్కన బతికున్నవారు నిలిపిన మనిషి బొమ్మ.