గంపగుత్త బేరమున దాగిన గణితము

ఉద్దానపు తోటలలో కొబ్బరియు జీడిమామిడియు ప్రక్కప్రక్కనే పెరుగును. ఒక రైతు 20 కొబ్బరికాయలను, 3 కిలోల జీడిపిక్కలను కలిపి 660 రూపాయలకు గంపగుత్తగా అమ్మెననుకొందము. కాయ వెల యెంత? పిక్కల వెల యెంత? కాయ 15 రూపాయలు, కిలో పిక్కలు 120 రూపాయలు కావచ్చును. కాయ 12, పిక్కలు 140 అయినను మొత్తము 660 రూపాయలే. ఒక్క మాటవలన రెండు ధరలు తేలవు. ఏ సరకు చవుకగా పోయినదో ఆ రైతు ఎరుగజాలడు.

మరునాడు అవే ధరలకు 10 కాయలు, 4 కిలోల పిక్కలు 630 రూపాయలకు పోయినచో చిక్కు విడిపోవును. రెండవ బేరమును రెట్టింపు చేయుడు: 20 కాయలు, 8 కిలోలు, 1,260 రూపాయలు. ఇందుండి మొదటి బేరమును తీసివేసిన కాయలు మాయమగును. 5 కిలోల పిక్కలకు 600 రూపాయలు మిగులును. కనుక కిలో 120, కాయ 15. ఒక తెలియని రాశిని తొలగించి రెండవదానిని పట్టుటయే ఇందలి కిటుకు.

ఈ విద్య మనకు పాతది. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ రచించెను. అందొక పండ్ల లెక్క కలదు. 9 మాదీఫలములు, 7 వెలగపండ్లు కలిసి 107. 7 మాదీఫలములు, 9 వెలగపండ్లు కలిసి 101. ఆచార్యుడు చూపిన మార్గమిది: పెద్ద వెలను పెద్ద సంఖ్యతో, చిన్న వెలను చిన్న సంఖ్యతో గుణింపవలెను. 963, 707 వచ్చును, భేదము 256. దీనిని 9, 7 ల వర్గముల భేదమగు 32 చే భాగింపగా మాదీఫలము వెల 8. అటుపై వెలగపండు వెల 5 అని సులభముగా తేలును.

ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఆతడు 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు పలువురు చెప్పుదురు. నన్నయ భారతమును తెనిగించిన శతాబ్దియు అదియే. కథలకే కాక లెక్కలకును మన భాష చాలునని ఆతడు నిరూపించెను. జైనుని గ్రంథమును శైవుడగు మల్లన తన జనులకు తగినట్లు మార్చుకొనుటయు గమనింపదగినది.

తెలియని రాశులకు పేర్లుపెట్టు పద్ధతియు మనయందు ప్రాచీనమే. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు వానిని ‘వర్ణములు’ అనెను. అనంతరము నలుపు, నీలము మున్నగు రంగుల పేర్లు వాడుకలో నిలిచెను. నేటి ఎక్స్, వై అక్షరములు 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్టు ప్రకటించిన గ్రంథమువలన వ్యాపించినవి. పదవ తరగతి బాలునకు ‘రేఖీయ సమీకరణముల జత’ పరదేశపు భూతమువలె తోచిన, అది వెలగపండ్ల బేరమేయని పెద్దలు చెప్పవలెను.

అయితే ఒక్క హెచ్చరిక. రెండవ బేరము 40 కాయలు, 6 కిలోలు, 1,320 రూపాయలైనచో ప్రయోజనము సున్న; అది మొదటి మాటకు రెట్టింపే. ఇద్దరు సాక్షులు ఒకే వాక్యమును వల్లించిన సత్యము తేలదు. రెండవ మాట క్రొత్త సంగతి చెప్పవలెను. సరకుకు సరకు విడివిడిగా ధర యడుగుట రైతునకు హక్కు. అది దొరకనిచోట ఈ లెక్కయే ఆతని తూనిక.