ఇళ్ళను పైకెత్తిన పట్టణం

సముద్రపుటొడ్డున ఇల్లు కట్టుకొన్నవారికి తుపానులో రెండు విధాల భయం: ఒకటి గాలి, రెండవది ఉప్పెన. వీనిలో ఏది ఘోరమైనది? ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు, అంతే పరిమాణం గల నీటి బరువు ఒక టన్ను. గాలికి ఇంటి కప్పు ఎగిరిపోవచ్చును. ఉప్పెనకు ఇల్లే కొట్టుకొనిపోవచ్చును. ఈ సత్యాన్ని అమెరికాలోని గాల్వెస్టన్ పట్టణం వేల ప్రాణాలు పోగొట్టుకొని గ్రహించినది.

గాల్వెస్టన్ టెక్సాస్ తీరాన మెక్సికో సింధుశాఖను ఆనుకొని ఉన్న సన్నని ఇసుకదీవి. 1900 నాటికి అది సంపన్నమైన రేవుపట్టణం. కాని అందులో మిక్కిలి మెరకైన చోటు కూడ సముద్రమట్టానికి తొమ్మిది అడుగుల ఎత్తు లేదు. ఆ యేడు సెప్టెంబరు 8న వచ్చిన తుపాను 15 అడుగులకు మించిన ఉప్పెనను తెచ్చినది. కనీసం 6,000 మంది మరణించారు. సుమారు 3,600 ఇళ్ళు నాశనమైనవి. ముందు వరుసలో కూలిన ఇళ్ళ దూలాలే అలలపై తేలివచ్చి వెనుక వరుస ఇళ్ళను పొడిచి పడగొట్టినవి.

ఊరు విడిచి పోవలెనా, నిలిచి కాపాడుకొనవలెనా? పట్టణవాసులు నిలువదలచారు. రాబర్ట్, నోబుల్, రిప్లే అను ముగ్గురు ఇంజనీర్లు 1902లో రెండు మార్గాలు సూచించారు. మొదటిది 17 అడుగుల ఎత్తైన కాంక్రీటు గోడ. దాని అడుగు వెడల్పు 16 అడుగులు. పై వెడల్పు 5 అడుగులు. సముద్రం వైపు ముఖం లోనికి వంపు తిరిగి ఉండుటచే, వచ్చి తాకిన అల పైకి చిమ్మబడి బలం కోల్పోవును. మూడు మైళ్ళకు పైబడిన మొదటి భాగం 1904లో పూర్తియైనది.

అయితే గోడ ఒక్కటే చాలదు. దానిని దాటిన నీరు పల్లపు ఊరిలో చెరువువలె నిలిచిపోవును. అందుచే రెండవ మార్గంగా ఊరి నేలనే ఎత్తు చేశారు. 1903 నుండి 1911 వరకు రెండువేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి, వాని క్రిందికి గొట్టాలద్వారా ఇసుక కలిసిన నీటిని పంపారు. నీరు ఇంకిపోగా ఇసుక మిగిలినది. 3,000 టన్నుల చర్చి ఒకటి ఈ విధంగానే అయిదడుగులు లేచినది. అన్నాళ్ళూ జనం చెక్కవంతెనలపై నడిచారు. ఎవరి ఇంటిని ఎత్తించుకొనే ఖర్చు వారే భరించారు.

1915 ఆగస్టులో అటువంటి తుపానే మళ్ళీ వచ్చినది. గోడ వెలుపలి ఇళ్ళు చాలవరకు పోయినవి; లోపలి పట్టణం నిలిచినది.

కాని గోడ ముందరి ఇసుకతిన్నె క్రమంగా కోసుకొనిపోయినది. 2008లో ఐక్ అను తుపానులో నీరు గోడ లేని అఖాతం వైపు నుండి, అనగా వెనుకనుండి ఊరిలో ప్రవేశించినది. గోడ ఒక దిక్కునే కాయును. ఎత్తు అన్ని దిక్కులా కాయును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఆంధ్రతీరంలో స్తంభాలపై కట్టిన తుపాను రక్షణ గృహాలకు ఆధారం కూడ ఈ సూత్రమే.