తెలుగు భయానక చిత్రాల్లో కథారచయిత

తక్కువ పెట్టుబడితో తీసిన తెలుగు భయానక చిత్రాలకు ఒక ఇల్లు, నలుగురైదుగురు నటులు, చీకటి, శబ్దం ప్రధాన సామగ్రి. ఈ పరిమితికి కథారచయిత పాత్ర సహజంగా అమరింది. అద్దె గది, ఏకాంతం, రాత్రి మేలుకోవడం అతని వృత్తిలోనే ఉన్నాయి.

శేఖర్ సూరి దర్శకత్వం వహించిన ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ (2005) దయ్యం చిత్రం కాకపోయినా ఈ ధోరణికి పూర్వరంగం. అందులో చదువుతున్న స్క్రిప్టులోని సంఘటనలే పాత్రలకు ఎదురవుతాయి. రాజ్ కిరణ్ ‘గీతాంజలి’ (2014)లో దర్శకుడు కావాలని హైదరాబాదు చేరిన యువకుడు తన ఫ్లాటులోని అనుభవాన్నే నిర్మాతకు కథగా వినిపిస్తాడు. హాస్యం కలిసిన ఈ చిత్రంలో దయ్యం భయం, అవకాశం దొరకదన్న భయం పక్కపక్కనే నడుస్తాయి. ‘కథనం’ (2019)లో దర్శకురాలు కావాలనుకున్న యువతి రాసిన హత్యలు వాస్తవంగా జరుగుతాయి.

మొదటిదానిలో కథను చదువుతారు, రెండవదానిలో చెబుతారు, మూడవదానిలో రాస్తారు. కథతో పాత్రకున్న సంబంధం క్రమంగా దగ్గరైంది, బాధ్యతా పెరిగింది. తెరపై పేరు లేకుండా రాసేవారిని పరిశ్రమ ‘ఘోస్ట్ రైటర్’ అంటుంది. అందువల్ల ఈ చిత్రాలను వినోదంగానే కాక, పేరు కోసం నిరీక్షించే రచయితల జీవన చరిత్రకు ఆధారాలుగానూ పరిశీలించవలసి ఉంది.